ఈ ఇంట గుర్తించబడినవి

సోమవారం పొద్దున సూపర్వైజరు గారికి ఉన్నవి రెండే పనులు. మధ్యాహ్నంలోగా రెండో వీధిలో ఇళ్లన్నీ తనిఖీ చేయడం, వస్తూ వస్తూ టైలరమ్మ దగ్గర కూతురి గౌను తీసుకురావడం. మొదటిది ఆయన సొంత నిర్ణయం. రెండోది భార్య ఆజ్ఞ.

"శనివారం దానికి బళ్లో పాటల పోటీ. గౌను మర్చిపోయారంటే ఆ పాటేదో మీరే వెళ్లి పాడండి," అంది భార్య, డబ్బా చేతికిస్తూ.

ఆయన పురపాలక కార్యాలయంలో దోమల నివారణ విభాగానికి సూపర్వైజరు. ఊళ్లో అందరూ ఆయన్ని దోమల సారు అంటారు. ఎదురుగా అనరు గానీ ఆ సంగతి ఆయనకు తెలుసు, లోపల కాస్త గర్వం కూడా. "నీళ్లు నిలవ ఉంచకండి" అని ఇరవై రెండేళ్లుగా ఇంటింటికీ తిరిగి చెప్పి ఆయన గొంతు అరిగిందే తప్ప జనం వినలేదు. అందుకని ఈసారి బాగా ఆలోచించి, పై అధికారిని ఒప్పించి, ఒక కొత్త పద్ధతి తెచ్చాడు. దోమ పిల్లలు కనబడిన ఇంటి గేటుకు పళ్లెమంత ఎర్ర స్టిక్కరు వేస్తారు. పదిహేను రోజులు అది అక్కడే ఉంటుంది. నలుగురిలో సిగ్గుపడితే మనిషి దారికొస్తాడని ఆయన నమ్మకం.

స్టిక్కరు మీద "ఈ ఇంట దోమ పిల్లలు గుర్తించబడినవి. జాగ్రత్త." అని రాసి ప్రెస్సుకు పట్టుకెళ్లాడు. ప్రెస్సు యజమాని అటూ ఇటూ కొలిచి, "ఇన్ని మాటలైతే అక్షరాలు చీమల్లా వస్తాయి సార్. ఓ రెండు తీసేయండి, రోడ్డు మీంచి కనబడతాయి," అన్నాడు. సూపర్వైజరు గారు కలం తీసి "దోమ పిల్లలు" కొట్టేశాడు. అంటించేది దోమల విభాగం, తిరిగేది దోమల సారు. ఇంక దేని గురించో ఎవరికి తెలియదు గనక?

రెండో వీధిలో మూడో ఇల్లు టైలరమ్మది. మేడమీద ఇంటి యజమానురాలు మామ్మ ఉంటుంది. కింది వాటాలో టైలరమ్మ, ఆమె తల్లి. ముందుగదిలో కుట్టు మిషను, గోడకు వేలాడే సగం కుట్టిన బట్టలు, కిటికీలో మనీ ప్లాంటు పెట్టిన గాజు సీసా. సూపర్వైజరు గారు ఆ సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. నాలుగు దోమ పిల్లలు తలకిందులుగా వేలాడుతున్నాయి.

"ఇవేంటో తెలుసామ్మా?"

"మొక్క వేళ్లనుకున్నాను సార్."

"వేళ్లు ఈదవమ్మా."

టైలరమ్మ మెడలో వేలాడుతున్న టేపును చేతుల్లోకి తీసుకుని చుట్టడం మొదలెట్టింది. "ఇప్పుడే పారబోసి కడిగేస్తాను సార్. ఈ ఒక్కసారికి వదిలేయండి. వచ్చేపోయే వాళ్లు చూస్తారు."

"ఒకళ్లని వదిలితే అందర్నీ వదలాలమ్మా. పదిహేను రోజులేగా. ఏముంది, కాగితం ముక్క."

మొట్టమొదటి స్టిక్కరు కాబట్టి ఆయన తన చేత్తోనే అంటించాడు. నాలుగడుగులు వెనక్కి వేసి వంకర లేదని చూసుకున్నాడు. పక్కన నిలబడ్డ అసిస్టెంటు ఆయనకన్నా వయసులో పెద్దది, ఇంకో ఆర్నెల్లలో రిటైరవుతుంది. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చదివింది.

"సారూ, చదువుతుంటే ఏదోలా ఉంది."

"ఏదోలా ఉండాలనే కదా పెట్టింది," అన్నాడాయన.

వీధి చివరికి వెళ్లాక గౌను గుర్తొచ్చింది. స్టిక్కరు అంటించిన చెయ్యే చాపి గౌను అడగడానికి మొహం చెల్లక ఆఫీసుదారి పట్టాడు.

ఆ సాయంత్రం గేటు ముందు ఆగని మనిషి లేడు. "ఈ ఇంట గుర్తించబడినవి. జాగ్రత్త." ఏవి గుర్తించబడ్డాయి? ఒకరు నల్లులన్నారు, ఇంకొకరు ఎలుకలన్నారు. మామ్మ మేడమీంచి దిగొచ్చి రెండుసార్లు పైకి చదివి తేల్చేసింది.

"నల్లులైతే నల్లులని రాసేవాళ్లు. ఎలుకలైతే ఎలుకలని రాసేవాళ్లు. రాయలేదంటే అది పైకి చెప్పకూడని రోగం."

రాత్రి సూపర్వైజరు గారు ఇంటి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే భార్య అడిగింది. "గౌను తెచ్చారా?"

"లేదు, అదీ..."

"మంచి పని చేశారు. ఆవిడింట్లో ఏదో అంటురోగమటగా. బట్టలతో పాటు వచ్చేస్తుందట."

"ఎవరు చెప్పారు?"

"సాయంత్రం నుంచీ నాకు ఒకటే ఫోన్లు. మీ ఆయనే అంటించారట, నిజమేనా అని. నిజమేనన్నాను."

"ఎందుకన్నావు?"

"అంటించారా, లేదా?"

"అంటించాను."

"మరి నిజమేగా."

ఆయన కూర్చుని సీసా సంగతి, నాలుగు దోమ పిల్లల సంగతి విడమరిచి చెప్పాడు. భార్య అంతా విని, "అయితే ఆ ముక్కే రాయొచ్చుగా," అంది. ఆయన మంచినీళ్లు తాగాడు. మర్నాడు ఆవిడ అందరికీ తిరిగి ఫోన్లు చేసి, అవి దోమ పిల్లలేనని చెప్పింది. "పోనీలెండి, ఆఫీసు రహస్యాలు మీరు మాత్రం ఎలా చెప్తారు," అని అందరూ ఆవిడ మీదే జాలిపడ్డారు.

బుధవారానికి టైలరమ్మ గుమ్మం ముందు వరస కట్టారు. కుట్టించుకోవడానికి కాదు, ఇచ్చినవి వెనక్కి తీసుకోవడానికి. ఒకావిడ తన బట్టల్ని గొడుగు కొసతో అందుకుంది. ఒక గుమస్తా రోడ్డు మీదే నిలబడి, "చొక్కాకి చేతులు కుట్టకపోయినా ఫర్వాలేదమ్మా, అలాగే విసిరెయ్," అన్నాడు.

ఇటు ఆఫీసులో మాత్రం సంబరం. స్టిక్కరంటే హడలిపోయిన జనం ఇంట్లో నీళ్లు నిలిచే వస్తువు ఏది కనబడినా ఎత్తి మూడో వీధి వెనక ఖాళీ స్థలంలోకి విసిరేశారు. పాత టైర్లు, చిల్లు బకెట్లు, పగిలిన కుండీలు గుట్టపడ్డాయి. మూడు రోజుల్లో డెబ్బై ఇళ్లు తనిఖీ చేస్తే ఒక్క ఇంట్లోనూ దోమ పిల్ల కనబడలేదు. పై అధికారి, అంటే ఆఫీసులో అందరూ పెద్దసారు అనే ఆయన, స్వయంగా పిలిచి భుజం తట్టాడు.

"అద్భుతమయ్యా. వచ్చేవారం నుంచి ఊరంతా అంటించండి."

సూపర్వైజరు గారు తలూపాడు. స్టిక్కరు మీద రెండు మాటలు తగ్గాయని చెప్పడానికి అదే సమయం. నోరు తెరిచాడు కూడా. కానీ భుజం మీద పెద్దసారు చెయ్యి ఇంకా అలాగే ఉంది. "థాంక్యూ సార్" అని బయటికొచ్చేశాడు.

ఆ సాయంత్రం ఆయన కాళ్లు వాటంతటవే రెండో వీధికి తిరిగాయి. రోజూ వీధి మొదట్లోకే వినబడే మిషను చప్పుడు ఆ రోజు లేదు. గుమ్మంలో టైలరమ్మ తల్లి దారం ఎక్కించిన సూదుల్ని గుడ్డకు గుచ్చుతూ కూర్చుంది. కూతురికి పని లేకపోయినా ఆవిడ పని ఆవిడ చేసుకుపోతోంది. ఆయన తల దించుకుని, తన దారి కాని సందులోకి తిరిగి, చుట్టూ తిరిగి ఇల్లు చేరాడు.

స్టిక్కరు తీయించడానికి మార్గం ఉంది. కారణం రాసి ఫైలు పెట్టాలి. కారణం దగ్గర "సూపర్వైజరు పొరపాటు" అని రాయాలి. నిన్ననే భుజం తట్టిన మనిషికి ఇవాళ ఆ ఫైలు చూపించే ధైర్యం ఆయనకు లేకపోయింది. శుక్రవారం తెల్లవారుజామున, పాలవాళ్లు కూడా ఇంకా తిరగని వేళ, ఒక బ్రష్షూ రంగులు కడిగే థిన్నరు సీసా పట్టుకుని తనే బయల్దేరాడు. ఘాటు పడదని మూతికి మాస్కు కట్టుకున్నాడు. చేతులు మండుతాయని తొడుగులు వేసుకున్నాడు.

గాలివానకు కూడా ఊడకూడదని జిగురు ఎంపిక చేసింది ఆయనే. పావుగంట గీకితే పై సగం ఊడింది. కింద సగం చెక్కు చెదరలేదు. ఇప్పుడు గేటు మీద "జాగ్రత్త" ఒక్కటే మిగిలింది.

మేడమీంచి మామ్మ కేక వేసింది. "ఓరి నాయనో, మాస్కులు కట్టుకుని గేటు కడుగుతున్నారు. మందు కొడుతున్నారు."

తలుపులు తెరుచుకున్నాయి. ఐదు నిమిషాల్లో వీధంతా బయటికొచ్చింది. కానీ గేటుకు ఇరవై అడుగుల ఇవతలే ఆగిపోయింది. సూపర్వైజరు గారు మాస్కు లాగేశాడు.

"వినండి. ఇక్కడ ఏ రోగమూ లేదు. మనీ ప్లాంటు సీసాలో నాలుగు దోమ పిల్లలు దొరికాయి, అంతే. ఆ మాట స్టిక్కరు మీద రాయకుండా కొట్టేసింది నేను. తప్పు నాది."

గొడుగావిడ పక్కావిడతో అంది. "పాపం, జనం కంగారు పడకుండా అలా చెప్పమన్నట్టున్నారు."

"నాలుగు దోమ పిల్లలకి తెల్లారగట్ల తొడుగులేసుకుని వస్తారా ఎవరైనా," అన్నాడు గుమస్తా.

మామ్మ మేడమీంచే తన నిర్ణయం చెప్పింది. "టైలరమ్మా, ఏమనుకోకు. మీ అమ్మని తీసుకుని నెలరోజులు ఎక్కడైనా ఉండి రా."

అప్పుడు తలుపు తీసుకుని టైలరమ్మ బయటికొచ్చింది. నాలుగు రోజుల్లోనే మనిషి సగమైంది. ఆయన దగ్గరికి రాకుండా అరుగు మీదే నిలబడింది.

"సార్, నాకేమైందో నిజం చెప్పండి. ఏదైనా తట్టుకుంటాను. మూడు రోజుల నుంచి అమ్మని వేరే గదిలో పడుకోబెడుతున్నాను. ఆవిడకి రాకుండా ఉంటే చాలు."

సూపర్వైజరు గారు బ్రష్షు కింద పెట్టేశాడు. నలుగురిలో సిగ్గంటే ఎలా ఉంటుందో ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో మొదటిసారి ఆయనకు ఒంటికి తెలిసింది.

"మీకేమీ కాలేదమ్మా. నా మీద ఒట్టు," అన్నాడు చివరికి.

ఆమె లోపలికెళ్లి ప్లాస్టిక్ సంచీలో చుట్టిన పొట్లం తెచ్చి అరుగు చివర పెట్టి, మళ్లీ వెనక్కి జరిగింది. "పాప గౌను. సోమవారమే అయిపోయింది. నాలుగుసార్లు ఇస్త్రీ చేశాను సార్, ఏమైనా ఉంటే వేడికి చచ్చిపోతాయని. భయం లేదనుకుంటేనే తొడగండి."

ఆయన తొడుగులు తీసి అవతల పారేశాడు. అరుగెక్కి, పొట్లం విప్పి, గౌను భుజాన వేసుకుని, ముందుగదిలో స్టూలు మీద కూర్చున్నాడు. "దాహంగా ఉంది, మంచినీళ్లివ్వండమ్మా," అన్నాడు. గ్లాసుడు నీళ్లు వీధంతా చూస్తుండగా గటగటా తాగాడు. అది చూస్తే జనానికి నమ్మకం కుదురుతుందని ఆయన ఉద్దేశం.

వీధి మరో ఇరవై అడుగులు వెనక్కి జరిగింది. "అయ్యో, ఈయనకీ తగులుకుంది," అంది మామ్మ.

ఇల్లు చేరేలోపే పెద్దసారు ఫోను చేశాడు. "మీరు ఆఫీసుకి రాకండి. నేను చెప్పేదాకా సెలవే."

"సార్, అవి కేవలం దోమ..."

"తర్వాత మాట్లాడదాం. ఫోను కూడా కాస్త దూరంగా పట్టుకోండి," అని ఆయన పెట్టేశాడు.

శనివారం పాప ఆ గౌను తొడుక్కునే పాడింది. హాల్లో తల్లీదండ్రీ కూర్చున్న వరసా, దాని ముందు వరసా, వెనక వరసా ఖాళీ. బహుమతి ఇచ్చే టీచరమ్మ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, "తీసుకోమ్మా," అని రెండడుగులు తప్పుకుంది. పాప అదేదో కొత్త పద్ధతి కాబోలనుకుని నవ్వుతూ తీసుకుంది. సూపర్వైజరు గారు చప్పట్లు కొట్టలేక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. భార్య ఆయన వైపు చూడలేదు గానీ లేచి దూరంగానూ కూర్చోలేదు.

సోమవారం ఊరంతా స్టిక్కర్లు అంటించే పని అసిస్టెంటు ఒక్కదాని మీదే పడింది. ఆవిడ ఏ వీధి తప్పించకుండా, ఏ గేటు ఎవరిదని అడగకుండా, వరసగా చూసుకుంటూ పోయింది. పదకొండింటికి ఒక పెద్ద ఇంట్లో ఏసీ నీళ్లు పట్టే తొట్టిలో చెంచాడు దోమ పిల్లలు దొరికాయి. ఎర్ర స్టిక్కరు వంకర లేకుండా అంటించింది. అది పెద్దసారు ఇల్లు.

పన్నెండింటికల్లా పెద్దసారు వంటమనిషి చెప్పకుండా వెళ్లిపోయింది. పన్నెండున్నరకి డ్రైవరు తాళాలు గేటుకు తగిలించి పోయాడు. ఒంటిగంటకి పురపాలక వాహనం మైకుతో వీధి వీధీ తిరిగింది. స్టిక్కర్లకూ రోగాలకూ ఎలాంటి సంబంధమూ లేదని, అవి మామూలు దోమ పిల్లలేనని, స్టిక్కర్లన్నీ తక్షణం రద్దని ప్రకటించింది. శుక్రవారం సూపర్వైజరు గారు చెప్పిందీ అక్షరాలా అదే. కానీ ఈసారి ఊరంతా ఒక్క దెబ్బకి నమ్మింది. సాయంత్రానికి గొడుగావిడ తన బట్టలు మళ్లీ తెచ్చిచ్చింది, గుమస్తా చేతుల్లేని చొక్కా తెచ్చాడు. అద్దె పెంచుదామనుకున్నాను గానీ మానేశానని మామ్మ చెప్పింది.

సూపర్వైజరు గారు మంగళవారం టైలరమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. ఇంటి నుంచి కూడబలుక్కుని వచ్చిన మాటలన్నీ మిషను చప్పుడులో కలిసిపోయాయి. ఆమె కాలు ఆపి, "కూర్చోండి సార్," అంది.

"క్షమించండమ్మా," అన్నాడు నిలబడే.

"మీరు నీళ్లు తాగారుగా సార్. అది చాలు," అని ఆమె మళ్లీ పనిలో పడింది. ఆవిడ నాలుగు మాటలు తిట్టినా బాగుండేదని ఆయనకు దారి పొడుగునా అనిపించింది.

ఈలోగా రెండు వానలు పడి, ఖాళీ స్థలంలోని టైర్లూ బకెట్లూ నిండి, ఊళ్లో ఎన్నడూ లేనన్ని దోమలయ్యాయి. పెద్దసారు అత్యవసర సమావేశం పెట్టాడు. మనుషుల్ని భయపెట్టడం పాత పద్ధతని, ఇకమీదట శుభ్రంగా ఉన్న ప్రతి ఇంటికీ పురపాలక సంఘం తరఫున ఒక పూలకుండీ బహుమతిగా ఇవ్వాలని, ఆ బాధ్యత సూపర్వైజరు గారిదేనని ప్రకటించాడు.

సూపర్వైజరు గారు లేచి ఏదో చెప్పబోయి, అంత జరిగాక అభ్యంతరం చెప్పే మొహం లేక, కూర్చుండిపోయాడు.

కుండీ కింద నీళ్లు నిలవడానికి పళ్లెం కూడా ఉచితం.