వెర్లిన్ ష్రాగ్ కొత్త జాయ్‌స్టిక్కూ, ఆర్డిత్ బొంతా

వెర్లిన్ ష్రాగ్ ప్రతి శనివారం మధ్యాహ్నం ఆకాశంలో ఎగురుతాడు. అందుకోసం మెట్లు దిగి నేలమాళిగలోకి వెళతాడు.

కాన్సస్‌లో మౌండ్రిడ్జ్ అనే చిన్న ఊళ్లో అతని ఇల్లు. సుడిగాలి వచ్చినప్పుడు దాక్కోవడానికి జనానికి ఇనుప గదులు అమ్మి, పెరట్లో గొయ్యి తవ్వించి పాతించడం అతని ఉద్యోగం. జీతం భూగర్భంలోంచి, విమానయానమూ భూగర్భంలోంచే. కంప్యూటరు ముందు కూర్చుని అతను చుట్టిరాని ఖండం లేదు, దిగని విమానాశ్రయం లేదు. నిజం విమానం మాత్రం పుట్టి బుద్ధెరిగి ఒక్కసారీ ఎక్కలేదు.

ఎక్కలేదన్న సంగతి అతని భార్య ఆర్డిత్‌కి తెలుసు. ఎందుకెక్కలేదంటే నడుం నొప్పి అని చెప్పాడు. ఆ నడుం మహా తెలివైనది. ఇంట్లో ఎవరైనా విమానం టికెట్టు మాటెత్తగానే పట్టేస్తుంది, ఆ మాట ఆగగానే వదిలేస్తుంది. కంప్యూటర్లో విమానాలు నడిపేవాళ్ల సిమ్యులేటరు క్లబ్బులో వాళ్లకి ఈ నడుం గొడవ కూడా తెలియదు. వాళ్ల లెక్కలో వెర్లిన్ అంటే మేఘాల్లో పుట్టి పెరిగిన మనిషి. పదిమందిలో తనే కదా ఎప్పుడూ ముందు విమానం నడిపేది.

ఈ ఏడు ఆ నడుముకి పెద్ద పరీక్షే వచ్చిపడింది. ఆర్డిత్ మూడు చలికాలాలు కూర్చుని చేత్తో కుట్టిన అతుకుల బొంతని వెర్మాంట్‌లో జరిగే బొంతల ప్రదర్శనకి ఎంపిక చేశారు. ఆవిడ కుట్టిన మామూలు బొంతలు చర్చి వేలంలో ఏటా నాలుగు అమ్ముడుపోయేవే గాని, అంత దూరం గోడకెక్కి వేలాడబోతున్నది ఇదే మొదటిది. దాని పక్కన మొగుడు నిలబడి ఉండగా ఫొటో దిగాలని ఆర్డిత్ కోరిక. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ నోరు విప్పి అడిగిన కోరికలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"కారులో పోదాం" అన్నాడు వెర్లిన్.

"మనం చేరేసరికి బొంతలు మడతపెట్టి ఇళ్లకి పంపేస్తారు."

"మరి నా నడుం..."

"శనివారం సాయంత్రానికల్లా చెప్పు. రానంటే మా చెల్లెల్ని తీసుకెళ్తాను. ఎవరో ఒకరు నిలబడాలిగా."

ఆ మాట ఆవిడ కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే వెర్లిన్ తిరిగి కోప్పడి గట్టెక్కేవాడే. ఆవిడ పిండి పిసుకుతూ మామూలుగా అనేసరికి అతనికి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు ఆ బాధ మరిచిపోవడానికి, కంప్యూటరు విమానాన్ని తిప్పే కొత్త జాయ్‌స్టిక్ తెప్పించుకున్నాడు.

పెట్టె వచ్చిన వేళ తలుపు తీసింది ఆర్డితే.

"ఏమిటిది?"

"అదా... నడుం నొప్పికి పరికరం. డాక్టరు రాశాడు."

"పెట్టె మీద యుద్ధ విమానం బొమ్మ ఉందేం?"

"నొప్పి మీద యుద్ధమన్నమాట."

"ఓహో. ఈ మంటలు?"

"వేడి చికిత్స."

"దేవుడు నీ డాక్టర్ని చల్లగా చూడాలి" అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఎంత అమాయకురాలిని కట్టుకున్నాను అని వెర్లిన్ పెట్టెని ముద్దు పెట్టుకున్నంత పనిచేసి కిందికి దిగాడు.

ఆ క్లబ్బు గురించి ఓ ముక్క చెప్పాలి. సభ్యులంతా ఎవరి ఇళ్లలో వాళ్లు కూర్చునే ఒకే ఆకాశంలో వరసగా ఎగురుతారు. అందరికీ ఒకటే రేడియో, అందులో ఒక్కొక్కరికీ ఒక పిలుపు పేరు; వెర్లిన్‌ది కాన్సస్ ఒకటి. బటన్ నొక్కితే మాట్లాడొచ్చు. ఒకడు నొక్కి పట్టుకుంటే మిగతావాళ్ల గొంతు బయటికి రాదు. విన్నిపెగ్‌లో ఉండే థెల్మా అనే రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ అందరికీ దారి చూపిస్తుంది. ఆవిడ ఇచ్చిన ప్రతి అనుమతినీ పైలట్ పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పనివాడు క్లబ్బులో ఉండడానికి వీల్లేదు. ఈ నియమం పెట్టించింది వెర్లినే. ఒక్క మాట మింగాడని పోయినేడు ఒక పళ్ల డాక్టర్ని వెళ్లగొట్టింది కూడా ఇతనే.

ఇంకో ఆచారం కూడా ఉంది. ఎవరు కొత్త వస్తువు కొన్నా, దాంతో ఎగురుతూ తమ తొలి అభిప్రాయం రేడియోలో చెప్పాలి. అందుకే ఆ శనివారం వెర్లిన్ ఉతికిన చొక్కా వేసుకున్నాడు, కనిపించకపోయినా సరే.

జాయ్‌స్టిక్‌తో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. దాని మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంది. వెర్లిన్ ఆ పుస్తకాన్ని కాఫీ కప్పు కింద పెట్టుకున్నాడు. పుస్తకాలు చదివి ఎగిరేది కొత్తవాళ్లని అతని అభిప్రాయం. పాత జాయ్‌స్టిక్‌లో చూపుడు వేలి కింది బటన్ బ్రేకు. కొత్తదాంట్లో అది రేడియో.

సాల్ట్ లేక్ నుంచి బయల్దేరి రాకీ కొండల మీదికి రాగానే గాలి లేచింది, తెర మీది విమానం ఊగింది. వెర్లిన్ పిడికిలి బిగించాడు, వేలు బటన్ మీద పడింది. పడిన వేలు పడినట్టే ఉండిపోయింది.

"ఆహా, ఏం పట్టు!" అన్నాడు తనలో తను, అంటే పదిమందితో. "చేతిలో ఒదిగిపోయిందే. వదలబుద్ధి కావడం లేదు. ఆర్డిత్‌కి ఇది నడుం పరికరమట, నమ్మేసింది పాపం. దీన్నిలా రేడియోలో చెప్పాలి... ఉహుఁ, ముందు గొంతు సవరించుకోవాలి. ఆ థెల్మా ఒకతి, మధ్యలో దూరకుండా ఉంటే. ప్రెషర్ కుక్కరు కూతలాంటి గొంతూ, ఆవిడా. రిటైరయ్యాక పిల్లలు దొరక్క మా మీద పడింది."

రేడియోలో చడీచప్పుడూ లేదు. నేను నడిపే తీరు చూసి వీళ్లకి నోట మాట రావడం లేదనుకున్నాడు వెర్లిన్. తెర మూలన చిన్న అక్షరాల్లో సందేశాలు వరసగా వచ్చిపడుతున్నాయి. కళ్లద్దాలు మేడ మీద ఉన్నాయి. మెచ్చుకోళ్లే అయి ఉంటాయి, తీరిగ్గా చదువుకోవచ్చనుకున్నాడు. థెల్మా తలచుకుంటే అతన్ని ఒక్క నొక్కుతో రేడియోలోంచి గెంటేయగలదు. కానీ కథ రసపట్టులో ఉండగా ఎవరు మాత్రం గెంటుతారు?

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆర్డిత్ పళ్లెంతో దిగింది. పళ్లెంలో క్యాబేజీ, మాంసం కూరి కాల్చిన బీరాక్స్ రొట్టెలు పొగలు కక్కుతున్నాయి. వెర్లిన్ చెవి మీది హెడ్‌ఫోన్ పక్కకి జరిపాడు గాని, కొండలు కదా, పిడికిలి వదల్లేదు.

ఆర్డిత్ పళ్లెం దూరంగా బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చుంది.

"పరికరం పనిచేస్తోందా?"

"బ్రహ్మాండంగా."

"నడుముకి పెట్టుకోవాలిగా. చేత్తో పట్టుకున్నావేం?"

"నరాలన్నీ ఒకదానికొకటి కలిసే ఉంటాయి ఆర్డిత్. చేతిలోంచి నడుముకి పాకుతుంది."

"మధ్యాహ్నం నుంచీ ఈ కుర్చీలోనే ఉన్నావు. దీంట్లో పట్టని నడుం విమానం సీట్లో ఎందుకు పడుతుందంటావ్?"

"అది వేరే సీటు."

"కుర్చీ కుర్చీయే. అడ్డం సీటేనా, ఇంకేమైనా ఉందా?"

వెర్లిన్ విమానాన్ని ఇంకాస్త పైకి లేపాడు.

"వెర్లిన్, ఆ బొంత అంచులో నీలం గుడ్డ ఉంది చూడు. మన పెళ్లినాటి నీ చొక్కా అది. దాని పక్కన నిన్ను కాకుండా మా చెల్లెల్ని నిలబెట్టడం నాకిష్టం లేదు. కారణం ఏదైనా సరే, నిజం చెప్పు. ఏమీ అనను."

"ఎవరికీ చెప్పవుగా?"

"నా నోటితో ఒక్కరికి కూడా చెప్పను."

వెర్లిన్ హెడ్‌ఫోన్ ఇంకాస్త పక్కకి జరిపాడు.

"భయం" అన్నాడు. "నిచ్చెన మూడో మెట్టెక్కితే కాళ్లు వణుకుతాయి నాకు. మన హనీమూన్‌కి నయాగరా బస్సులో తీసుకెళ్లాను చూడు, బస్సయితే చూస్తూ వెళ్లొచ్చని..."

"రెండు రాత్రులూ ఆ బస్సులో వాంతులు చేసుకుంది నేను."

"అదంతా భయం వల్లే. నడుం శుభ్రంగా ఉంది. దానికేం రోగం లేదు. విమానం తలుపు మూస్తారనుకుంటేనే నాకు ఊపిరాడదు. క్లబ్బులో తెలిస్తే తల ఎక్కడ పెట్టుకోను? వాళ్లకి నేనంటే ఎంత గౌరవమో నీకు తెలీదు."

ఆర్డిత్ మొహంలో నవ్వు మాయమైంది. పాపం, ఇన్నేళ్లూ ఇంత బరువు ఒక్కడే మోశాడా అని ఆవిడకి నిజంగానే జాలేసింది. అయినా అనుకున్న పని మధ్యలో వదిలే మనిషి కాదు. ఒక బీరాక్ తీసి చేయి చాచి పట్టుకుంది.

"తిను. చల్లారిపోతోంది."

వెర్లిన్ జాయ్‌స్టిక్ వదిలి అందుకున్నాడు.

వేలు లేవగానే రేడియో భళ్లున తెరుచుకుంది. దగ్గులు, నవ్వులు, ఎవరో ముక్కు చీదుకోవడం, అన్నీ కలగాపులగంగా వచ్చిపడ్డాయి. వాటన్నిటినీ చీల్చుకుంటూ ప్రెషర్ కుక్కరు కూత వినిపించింది.

"కాన్సస్ ఒకటీ, విన్నిపెగ్ మాట్లాడుతున్నాను. వినిపిస్తోందా నాయనా? మాకు మాత్రం అన్నీ శుభ్రంగా వినిపించాయి. నా గొంతు గురించి కూడా."

బీరాక్ వెర్లిన్ నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. తెర మీద విమానం దానంతటదే కొండ వైపు వాలిపోసాగింది. ఎవరూ పట్టించుకోలేదు.

"నేనూ ఎక్కలేదు" అంది ఓ ముసలి గొంతు. నెబ్రాస్కాలో పందులు పెంచే హార్లన్‌ది ఆ గొంతు. "ఓసారి విమానాశ్రయం దాకా వెళ్లాను. పార్కింగ్ చూసి వచ్చేశాను."

"నేను ఎక్కాను గాని, ఎక్కాక కళ్లు తెరవలేదు" అన్నాడు ఇంకొకడు. తర్వాత ఒకరి మీద ఒకరు పడి ఒప్పుకోవడం మొదలుపెట్టారు. చివరికి తేలిందేమిటంటే, ఆ మహా విమానదళంలో నిజం విమానం సుఖంగా ఎక్కి దిగింది ఇద్దరే. అందులో ఒకరు థెల్మా. రెండోవాడు వెళ్లగొట్టిన పళ్ల డాక్టరు.

ఆర్డిత్ మొగుడి నెత్తి మీంచి హెడ్‌ఫోన్ తీసి తను పెట్టుకుని, చూపుడు వేలితో సరిగ్గా ఆ బటన్నే నొక్కింది.

"విన్నిపెగ్ అమ్మగారూ, నేను ఆర్డిత్‌ని. మా ఆయనకి వెర్మాంట్ దాకా అనుమతి కావాలండీ. వచ్చే శుక్రవారం."

"తప్పకుండా తల్లీ. ఆయనకివ్వు." థెల్మా గొంతు సవరించుకుంది. "కాన్సస్ ఒకటీ, శుక్రవారం పొద్దున విచిటా నుంచి వెర్మాంట్‌కి, నిజమైన విమానంలో, భార్య పక్క సీట్లో, అనుమతి ఇస్తున్నాను. వెళ్లాక బొంత పక్కన నిలబడాలి. నడుం నొప్పి చెల్లదు. అప్పజెప్పండి."

వెర్లిన్ ఆర్డిత్ వంక చూశాడు. ఆర్డిత్ పైకప్పు వంక చూసింది. నియమం తను పెట్టిందే. అప్పజెప్పకపోతే క్లబ్బు ఉండదు; అప్పజెబితే నేల ఉండదు. రేడియో అంతా ఊపిరి బిగబట్టి వింటోంది.

"శుక్రవారం పొద్దున..." అన్నాడు నీరసంగా, "విచిటా నుంచి వెర్మాంట్‌కి, నిజమైన విమానంలో, భార్య పక్క సీట్లో, అనుమతి. వెళ్లాక బొంత పక్కన నిలబడాలి."

"ఒక మాట మింగారు."

"...నడుం నొప్పి చెల్లదు."

"సరిగ్గా అప్పజెప్పారు. శుభ ప్రయాణం" అంది థెల్మా. హార్లన్ చప్పట్లు కొట్టాడు. అదే క్షణంలో తెర మీది విమానం కొండని గుద్దుకుని ముక్కలైంది.

రేడియో కట్టేశాక వెర్లిన్ పళ్లెం ముందుకి లాక్కున్నాడు. బీరాక్ తిన్నాడు, ఇంకోటి తిన్నాడు. మూడోది తింటుండగా బుర్రలో ఏదో తట్టింది.

"ఆ బటన్ రేడియోదని నీకెలా తెలుసు?"

"పుస్తకం మొదటి పేజీలోనే ఉందిగా. పెట్టె వచ్చిన రోజు నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు చదివాను."

"ఇదంతా బయటికి వెళ్తోందని?"

"మీ రేడియోని ప్రతి శనివారం వంటింట్లో టాబ్లెట్‌లో పెట్టుకుని వింటానయ్యా. సగం బొంత అది వింటూ కుట్టిందే. ఇవాళ 'నమ్మేసింది పాపం' అన్నావే, అప్పుడే బీరాక్స్ పొయ్యిలోంచి తీశాను."

వెర్లిన్ కాఫీ కప్పు కింది పుస్తకం తీసి, మరకలు తుడిచి, మొదటి పేజీ చదవడం మొదలుపెట్టాడు.

శుక్రవారం విచిటాలో విమానం తలుపు మూసినప్పుడు అతను ఆర్డిత్ చెయ్యి పట్టుకున్నాడు. చక్రాలు నేల విడిచాక ఆ పట్టు ఇంకా బిగిసింది. కొంతసేపయ్యాక ఆర్డిత్ అడిగింది, "తొలి అభిప్రాయం చెప్పు మరి."

"గరుగ్గా ఉంది. వేళ్ల నిండా సూది పోట్లే" అన్నాడు కళ్లు మూసుకునే. "వదలబుద్ధి కావడం లేదు."

"వదలమనలేదుగా" అంది ఆవిడ.

వెర్మాంట్‌లో దిగిన ఫొటోని ఆర్డిత్ థెల్మాకి పంపింది, థెల్మా క్లబ్బంతటికీ పంచింది. అందులో గోడ మీద బొంత, దాని అంచున నీలం గుడ్డ, పక్కన నవ్వుతూ ఆర్డిత్, ఆవిడ చెయ్యి రెండు చేతులా పట్టుకుని పాలిపోయిన మొహంతో వెర్లిన్ ఉన్నారు. అప్పటికి విమానం దిగి ఒక రోజు గడిచింది. చెయ్యి ఇంకా వదల్లేదేమని క్లబ్బువాళ్లు అడిగితే, తిరుగు ప్రయాణం ఉందిగా అన్నాడట.