మూడు నెత్తిన నాలుగు

వచ్చే ఆదివారం ఉదయం కొత్త దుకాణం తెరవాలని క్షురకుడు సంకల్పించాడు. చేతిలో ఉన్నదంతా ఆ అద్దాల గదికే ఊడ్చిపెట్టాడు. తొలినాడే నలుగురి నోటా పడకపోతే పెట్టుబడి గోడకు కొట్టిన సున్నమేనని అతని బెంగ.

ఉపాయం బావమరిది చెప్పాడు. "ముగ్గురికి ఉచిత క్షవరమని చెబుదాం బావా. ఒక్కొక్కరూ ఇంకో ముగ్గురికి చెబుతారు. అలా నాలుగు విడతలు. మూడు నాలుగులు పన్నెండు. పన్నెండు తలలు నీకో లెక్కా?"

"మీ అక్కనొకసారి అడుగుదామా? లెక్కల టీచరు కదా."

"ఎక్కాలకు కూడా అక్కేనా!"

తీరా ఆదివారం తలుపు తీసేసరికి వీధి మలుపు దాకా ఒక అక్షౌహిణి తలలు. జుట్టు పెరిగినవీ, పెరగనివీ, ఆశ చావని బట్టతలలు సైతం!

ఉతికిన తువ్వాళ్లతో వచ్చిన ఇల్లాలు సంగతి విని, గడ్డపు నురగ వేలికి తీసుకుని అద్దం మీద 3⁴ అని రాసింది.

"ఒరేయ్ తమ్ముడూ, నెత్తినెక్కిన ఈ చిన్నంకె ఘాతాంకం. మూడుని నాలుగుతో గుణించమని కాదురా, నాలుగు మూళ్లని గుణించమని. మూడు, తొమ్మిది, ఇరవై ఏడు, ఎనభై ఒకటి!"

"ఎనభై ఒక్కరా అక్కా?"

"అది నాలుగో విడత ఒక్కటే. ముందు విడతలవాళ్లు అదనం."

క్షురకుడు కుర్చీలో కూలబడ్డాడు. బయటినుంచి కేక వినిపించింది: "పిలిచి గుమ్మంలో నిలబెడతారేంటయ్యా?"

"వెనక్కి పంపితే పరువు పోతుంది. లెక్క నీదేగా బామ్మర్దీ, రెండో కత్తెర నువ్వే పట్టు!"

బావమరిది చేతికి మొదట చిక్కినవాడు తపాలా బంట్రోతు. కాసేపటికి అతడు ఒకవైపు కోతకోసిన చేను, మరొకవైపు చిట్టడవి అయిన తలతో, లబోదిబోమంటూ వరుస పొడవునా పరుగెత్తాడు. వీధంతా ఒక్క పెట్టున గోల.

"అయ్యా, మాకు ఉచితం వద్దు! డబ్బిస్తాం, ఆ పెద్దాయన చేతే చేయించండి!"

"ఇవాళ కాకపోతే రేపొస్తాం. ఆ చిన్నాయన్ని మాత్రం లోపలే ఉంచండి!"

క్షురకుడు ముందుగా బంట్రోతును వెనక్కి పిలిచి తల చక్కదిద్దాడు. ఆ పనితనం కళ్లారా చూసిన జనం వారమంతా దుకాణాన్ని కిటకిటలాడించారు. బావమరిది మాత్రం అద్దం ముందు నిలబడి, ఆ నాలుగు మూళ్లనూ భక్తిగా వల్లెవేస్తున్నాడు.

క్షవరమైతేగాని వివరం తెలియదని సామెత. ఇక్కడ వివరం తెలిసింది క్షవరం చేసినవాడికి.