జామ కాసిన నాడు సీటు

గౌతమీతీర ప్రభుత్వ వైద్య కళాశాలలో ఈ ఏడాది ప్రవేశాలు ఉండవని వైద్య విద్యాశాఖ మంత్రి అప్పాజీ గారు రాజమండ్రి ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. అప్పటికి వంద మందికి సీట్లు కేటాయించి పదకొండు రోజులైంది.

"దీన్ని వాయిదా అని రాయకండి. పరిపక్వ సంవత్సరం అని రాయండి," అన్నారు.

విలేకరులం మేము అలాగే రాసుకున్నాం.

అప్పాజీ గారిది కడియంలో నర్సరీ కుటుంబం. తాతగారి నాటి నుంచి మొక్కలే వ్యాపారం. ఏ శాఖ ఇచ్చినా ఆయన మొక్కల వైపు నుంచే చూస్తారు. రోడ్ల శాఖ చూసినప్పుడు రోడ్ల మధ్యలో మొక్కలు వేయించారు. వాటికి చోటు చాలకపోతే రోడ్డు తగ్గించారు.

"అంటు కట్టిన మొక్కని వెంటనే అమ్మేస్తామా? అమ్మం. షేడ్‌నెట్ కింద ఏడాది ఉంచుతాం. వేరు గట్టిపడుతుంది. అప్పుడు లారీలో వేసి రాజస్థాన్ పంపినా బతుకుతుంది. పిల్లలూ అంతేనండి. ఇంటర్ అవగానే తీసుకెళ్ళి శవాల ముందు నిలబెడితే తట్టుకుంటారా?"

ఒక విలేకరి లేచాడు. "భవనం ఎందాకా వచ్చిందండి?"

"పిల్లర్ల దాకా వచ్చింది. పిల్లర్లకి కూడా ఒక ఏడాది ఎండా వానా తగలాలి కదండీ."

"ఆసుపత్రో?"

"అది విత్తనం దశలో ఉంది."

ఇంతలో పెసరట్టు ఉప్మా వచ్చింది. ప్రెస్‌మీట్ ముగిసింది.

ఈ నిర్ణయానికి ఒక్క నిబంధన అడ్డం వచ్చింది. ప్రభుత్వం తనంతట తాను ప్రవేశాలు ఆపకూడదు. వంద మందిలో ఒక్కరు చేరతామన్నా కళాశాల తెరవాలి. ఒక్కరూ చేరకపోతే తెరవక్కర్లేదు. అందుచేత వంద మందీ తమంతట తాము ఏడాది గడువు కోరాలి. వాళ్ళు ఏ మాటల్లో కోరాలో మంత్రిగారి ఆఫీసు అచ్చు వేయించింది. 'నా ఇష్టపూర్వకంగా' అని మొదలవుతుంది. సంతకం చోటు ఒక్కటే ఖాళీగా వదిలారు.

పీఏ గణేష్‌బాబు ఆ లెటర్లూ, ఒక లారీ జామ మొక్కలూ తీసుకుని బయల్దేరాడు. సంతకం పెట్టిన ప్రతి విద్యార్థికీ మంత్రిగారి నర్సరీ నుంచి ఒక తైవాన్ జామ. ఆరు రోజుల్లో తొంభై తొమ్మిది సంతకాలు వచ్చాయి. లారీలో ఒక మొక్క మిగిలింది.

అది కాకినాడ చేపల రేవు దగ్గర ఉండే దుర్గాశ్రీ మొక్క. తల్లి నూకరత్నం చేపలు అమ్ముతుంది. దుర్గాశ్రీ రెండోసారి పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది. మూడోసారి రాయించడం తన వల్ల కాదని తల్లి ముందే చెప్పింది. గణేష్‌బాబు వెంట నేనూ వెళ్ళాను. సంతకం పెట్టేటప్పుడు ఫొటో తీయాలి.

"సీటు ఎక్కడికీ పోదమ్మా. ఒక్క ఏడాది ఆగడమే," అన్నాడు గణేష్‌బాబు.

నూకరత్నం కత్తిపీట ముందు కూర్చుని వంజరం కోస్తోంది. తల ఎత్తలేదు.

"ఆగితే ఏమవుద్ది బాబూ?"

"గట్టిపడుతుందండి."

"మా సరుకు ఆగితే మెత్తబడుద్ది. పొద్దున్న దిగింది సాయంత్రానికి ఎవరూ అడగరు. ఐసేసినా కన్ను చూసి చెప్పేత్తారు."

"ఇది చేప కాదు కదమ్మా."

"మొక్క కూడా కాదు కదా బాబూ."

దుర్గాశ్రీ లెటర్ చదవడం పూర్తి చేసింది. "వచ్చే ఏడాది నాకు సీటిస్తామని జీవోలో ఉందాండి?"

"జీవో కంటే పెద్దదే ఉంది. మంత్రిగారి మాట ఉంది."

"మాట కింద సంతకం ఉంటుందాండి?"

గణేష్‌బాబు బయటికి వెళ్ళి ఫోన్ చేశాడు.

మర్నాడు మంత్రిగారే వచ్చారు. ఆరు కార్లు వచ్చాయి. సందులో ఒకటే పట్టింది. ఒక్క విద్యార్థిని కోసం మంత్రి ఇంటికి రావడం జిల్లా చరిత్రలో ఇదే మొదటిసారి అని గణేష్‌బాబు మాకు చెప్పాడు. మేము రాసుకున్నాం.

"అమ్మా దుర్గాశ్రీ," అన్నారు మంత్రిగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "నువ్వొక్కదానివే చేరావనుకో. పదహారు మంది ప్రొఫెసర్లూ నీకే పాఠం చెప్తారు. పదహారు మందీ ప్రశ్నలు నిన్నే అడుగుతారు. పక్కన చూసి రాయడానికి కూడా ఎవరూ ఉండరు. తట్టుకోగలవా?"

"తట్టుకుంటానండి."

మంత్రిగారు టీ తాగడం పూర్తి చేశారు. తరువాత లెటర్‌హెడ్ తెప్పించి స్వయంగా రాశారు. 'ఈ జామ మొక్క కాయ కాసిన నాడు కుమారి దుర్గాశ్రీకి ఎంబీబీఎస్ సీటు అప్పగించబడును.' కింద సంతకం పెట్టి, 'వైద్య విద్యాశాఖ మంత్రి' అని ముద్ర వేయించారు.

"ఏడాదిలో కాస్తుంది. మా మొక్క అబద్ధమాడదు."

దుర్గాశ్రీ దాన్ని మూడుసార్లు చదివింది. గుమ్మంలో బోట్ల సంఘం పెద్ద పెదబాబు ఉన్నాడు. వెనకాల సందు సందంతా ఉంది.

"ఇంకేటి తల్లీ, మంత్రిగారు ముద్రేసి మరీ ఇచ్చారు. పెట్టెయ్," అన్నాడు పెదబాబు.

దుర్గాశ్రీ తల్లి వైపు చూసింది. నూకరత్నం చేతులు కడుక్కుంటోంది. దుర్గాశ్రీ సంతకం పెట్టింది. నేను ఫొటో తీశాను. మంత్రిగారు మొక్క అందిస్తున్నారు. ఆ అమ్మాయి మొక్క వైపు చూస్తోంది.

వందకు వంద సంతకాలు రావడంతో, పరిపక్వ సంవత్సరంలో నూరు శాతం ఉత్తీర్ణత సాధించిన ఏకైక కళాశాల మనదేనని అప్పాజీ గారు శాసనసభలో చెప్పారు. సభ్యులు బల్లలు చరిచారు.

దుర్గాశ్రీ మొక్కని ఖాళీ పెయింటు డ్రమ్ములో పెట్టింది. రోజూ చేపలు కడిగిన నీళ్ళు పోసింది. సీటు ఉంది కనుక మళ్ళీ పరీక్ష రాయలేదు. పదకొండో నెలలో ఏడు కాయలు కాసింది. సీట్ల జాబితాలు కూడా ఆ వారమే వచ్చాయి. అందులో ఆమె పేరు లేదు.

విజయవాడలో కౌన్సెలింగ్ అధికారి ఆమెను కూర్చోబెట్టి మాట్లాడాడు. నిరుటి లెటర్ బయటికి తీశాడు.

"మీరే ఇష్టపూర్వకంగా అని రాశారు కదండీ. మీ ఇష్టాన్ని మేము గౌరవించాం. ఆ సీటు వదులుకున్నట్టే. మళ్ళీ పరీక్ష రాయండి."

"ఈ ఏడాది పరీక్ష అయిపోయిందండి."

"వచ్చే ఏడాది ఉంటుంది కదా."

ఆమె మంత్రిగారి లెటర్ చూపించింది. అధికారి కంప్యూటర్‌లో రెండు మూడు చోట్ల వెతికాడు. "మా ఫారంలో జామకి కాలమ్ లేదండి," అన్నాడు.

అప్పటికి మంత్రివర్గంలో మార్పులు జరిగాయి. అప్పాజీ గారికి మత్స్యశాఖ వచ్చింది. ఆ శనివారం కాకినాడ రేవులో సభ పెట్టారు. చేపలమ్మే ఆడవాళ్ళను ముందు వరుసల్లో కూర్చోబెట్టారు. నూకరత్నం రెండో వరుసలో ఉంది.

"చేప విషయంలో ఆలస్యం అనే మాట నా దగ్గర ఉండదు," అన్నారు అప్పాజీ గారు. "పట్టిన గంటలో ఐసు పడాలి. ఆ పూటే బజారుకి వెళ్ళాలి. ఒక్క రోజు ఆపినా అది సరుకు కాదు. ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. మీలో ఒకడిగా చెప్తున్నాను."

చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే దుర్గాశ్రీ వేదిక ఎక్కింది. ఒక చేతిలో లెటర్, ఒక చేతిలో ఏడు కాయల సంచి.

మంత్రిగారు లెటర్ చదివారు. "రాత నాదే," అన్నారు. ఒక కాయ తీసి కొరికారు. "చెప్పానా? మా మొక్క అబద్ధమాడదు."

"సీటండీ," అంది దుర్గాశ్రీ.

"అది వైద్య విద్యాశాఖమ్మా. సంతకం ఎవరిదుందో చూడు. వైద్య విద్యాశాఖ మంత్రిది. నేను మత్స్యశాఖ. ఒకరి శాఖలో ఇంకొకరు వేలు పెట్టకూడదు."

రెండో వరుసలో నూకరత్నం లేచింది.

"అయ్యగారూ, ఏడాది ఆపేసిన సరుకుని ఏం చెయ్యమంటారు?"

మంత్రిగారు మైకు దగ్గరికి లాక్కున్నారు.

"ఏడాదా! పారెయ్యాలి తల్లీ. ఇంకో ఆలోచనే వద్దు. పారెయ్యడమే."

మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఈసారి ఎక్కువసేపు కొట్టారు. నూకరత్నం నిలబడే ఉంది.

గణేష్‌బాబు వెనక నుంచి వంగి చెవిలో చెప్పాడు. మైకు ఇంకా దగ్గరగానే ఉండడంతో మాకూ వినబడింది.

"సార్, వైద్య విద్యాశాఖ నుంచి ఆర్డరొచ్చిందండి. ఈసారి జామ మొక్కలు నూట యాభై పంపమన్నారు. సీట్లు పెంచారటండి."

మంత్రిగారు చేతిలో సగం తిన్న కాయను అటూ ఇటూ తిప్పి చూశారు. తరువాత దుర్గాశ్రీ వైపు తిరిగారు.

"చెట్టు జాగ్రత్తమ్మా," అన్నారు. "రేపు మావాళ్ళొచ్చి అంట్లు కడతారు."