పుల్లయ్య తవ్విన గని

నమ్మేవాళ్ళు ముందుకు జరగండి. నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి, దులుపుకుని, దయచేయండి. మధ్యలో "అబ్బే, ఎక్కడైనా ఉంటుందా" అన్నవాడికి ముగింపు చెప్పేది లేదు.

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే మామూలు పెద్దది కాదు, ఈ అంచున బయల్దేరిన కుందేలు పిల్ల ఆ అంచు చేరేసరికి ముత్తాత అయ్యేంత అడవిలో, పుల్లయ్య అనే గిజిగాడు ఉండేవాడు. వాడు గూడు అల్లితే గాలి కూడా తలుపు తట్టి లోపలికి రావలసిందే.

ఆ ఏడు వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మకి సగం గూడు అల్లి నాంచారిని పిలిచాడు. గిజిగాళ్ళ ఆచారం అది. పిల్ల వచ్చి సగం గూడు చూసి ఊఁ అంటేనే మిగతా సగం.

నాంచారి గూడంతా ముక్కుతో గుచ్చి గుచ్చి చూసింది.

"పనితనం బాగుంది బావా. మరి అనుమతి కాగితం?"

"కాగితం ఎందుకే? కొమ్మ గట్టిది."

"పోయినేడు మా అక్క కొమ్మ కూడా గట్టిదే. గుడ్లు పెట్టాక ప్రణాళికా ఆఫీసు కోతులొచ్చి, ఇది గూళ్ళ జోన్ కాదని పీకిపారేశాయి. మృగశిర కార్తె లోపల కాగితం తే. లేదంటే అవతల ఈతచెట్టు మీద ఇంకొకడు అల్లుతున్నాడు."

ఉన్నది పదిరోజులు. పుల్లయ్య అటవీ ప్రణాళికా కార్యాలయానికి ఎగిరాడు. అక్కడ రూల్సన్నీ టేకాకుల మీద రాసి గుట్టగా పోశారు. వెయ్యిన్నూట పదహారు ఆకులు! మూడు రోజుల్లో మొత్తం చదివేశాడు. మధ్యలో తగిలిన చెదపురుగులతో టిఫిను కూడా కానిచ్చాడు.

ప్లానింగ్ ఆఫీసరు జంబుకేశ్వరరావు, నక్క, తోక సవరించుకుంటూ అన్నాడు. "ఏమోయ్, స్థలం ఏ జోన్‌లో ఉందో తేలందే సంతకం లేదు. వెళ్ళి నిద్రాచలాన్ని అడుగు."

నిద్రాచలం రికార్డుల గుమాస్తా. జాతికి గబ్బిలం. దూలానికి తలకిందులుగా వేలాడుతూనే, గోడమీది మాస్టర్ ప్లానుని ఒంటికంటితో చూశాడు.

"తుమ్మకొమ్మా? అదిగో, రాతి గనుల జోన్. గూడు కట్టరాదు."

"గనులా? కింద వాగు పారుతోంది సార్!" పుల్లయ్య ప్లాను కేసి చూసి గతుక్కుమన్నాడు. కొమ్మ ఉన్నది నిక్షేపంగా గూళ్ళ జోన్‌లోనే. "అయ్యా, మీరు ప్లానుని తలకిందులుగా చూస్తున్నారు."

"నేను సరిగ్గానే ఉన్నాను. నువ్వే తలకిందులుగా నిలబడ్డావు. పాతికేళ్ళ సర్వీసోయ్ నాది!"

చేపలకి గుట్టమీదా, కొండమేకలకి మడుగులోనూ ప్లాట్లు ఎందుకొచ్చాయో పుల్లయ్యకి అప్పుడర్థమైంది.

నక్క దగ్గరికి పోయి మొత్తుకున్నాడు. నక్క తలుపు మూసి గొంతు తగ్గించాడు.

"నాకు తెలీదనుకున్నావా? ప్లాను తిప్పితే పాతికేళ్ళ అనుమతులు తిరగబడతాయి. పైగా..."

ఆ పైగా ఏమిటో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. వాగు అవతలి ఒడ్డున నక్కగారి కొత్త అతిథి గృహం మెరుస్తోంది. ప్లాను సరిగ్గా చదివితే అది నీళ్ళ జోన్. నిద్రాచలం చదివితే శుభ్రంగా నివాస జోన్.

పుల్లయ్య దిగాలుగా వచ్చి, అలవాటు కొద్దీ తన సగం గూటికి తలకిందులుగా వేలాడాడు. అలా వేలాడగానే ఎనిమిది వందల పన్నెండో ఆకు గుర్తుకొచ్చింది. "గని అనగా ఒకే ద్వారము గలిగి, కిందికి దిగిన సొరంగము."

గిజిగాడి గూడు మరేమిటి?

మర్నాడే దరఖాస్తు పెట్టాడు. "గని. సొరంగం లోతు మూరెడు. ద్వారం అడుగున." నక్క గని అన్న మాట చూసి, "దారికొచ్చావు" అని మిగతాది చదవకుండా సంతకం గీకాడు.

నాంచారి కాగితం చదివింది. "గనిలో కాపురమా బావా?"

"కాగితం అడిగావు, తెచ్చాను. ఈ కొమ్మ జోలికి ఏ కోతీ రాదు."

"గనిలో నేనెవర్ని మరి?"

"మేస్త్రివి."

నాంచారి నవ్వింది, ఊఁ అంది. మిగతా సగం గూడు ఒక్క పూటలో లేచింది, అదీ మీరు నమ్మాల్సిందే.

ఇక్కడే నక్కగారి కొంప మునిగింది. నిద్రాచలానికి కొత్త గని అనుమతి అందితే, తరువాతి ఆకు తీయడం రూలు. ఎనిమిది వందల పదమూడు. "గనికి నూరు బారల లోపల ఏ నివాసమూ ఉండరాదు. ఉన్నచో కూల్చవలెను." నాలుగు వందల కోతులు గునపాలతో అతిథి గృహం మీద పడ్డాయి.

నక్క రొప్పుతూ వచ్చాడు. "ఒరేయ్ పుల్లయ్యా! అది గని కాదు, గూడని చెప్పరా!"

"దానికేం సార్, చెబుతాను. గూడైతే కొమ్మ గూళ్ళ జోన్‌లో ఉన్నట్టు. అలా అయితే ప్లాను తిప్పాలి. తిప్పితే మీ ఇల్లు నీళ్ళ జోన్. ఏ రూలు కింద కూల్చమంటారో మీరే సెలవియ్యండి."

నక్క తోక ముడిచి ఇంటివైపు పరిగెత్తాడు. ఇల్లు కూలిన చప్పుడుకి ఉరిమిందనుకుని, గుట్టమీది చేపలు వాన కోసం నోళ్ళు తెరిచాయి.

నిజంగానే తొలకరి కురిసింది. పుల్లయ్య గూట్లో చినుకు పడలేదు. నాంచారి మూడు గుడ్లు పెట్టింది. నిద్రాచలం రిజిస్టరులో పద్ధతిగా రాసుకున్నాడు. "తీసిన ఖనిజము: మూడు. రంగు తెలుపు. లోపల ఏదో కదులుచున్నది."

నీతి: ప్లాను తలకిందులైతే తిప్పమని అడక్కండి, మీరే తలకిందులుగా వేలాడండి.

అబద్ధమంటారా? సాక్షి ఉన్నాడు. పగలు వెళితే నిద్రలో ఉంటాడు, పొద్దుగూకి వెళితే ఇంట్లో ఉండడు. పేరు మాత్రం రాసుకోండి: రికార్డుల గుమాస్తా నిద్రాచలం.