పదివేలమంది తిరుగుబాటు

ఆ ఉదయం పరిశోధక విద్యార్థిని అనుకున్నది చాలా చిన్న పని. పదకొండింటికి మౌఖిక పరీక్ష, ఒంటిగంటకల్లా డాక్టరేటు. బయటి నుంచి వస్తున్న పరీక్షకుడు రెండింటి రైలుకు వెళ్ళిపోతాడు. ఇవాళ తప్పితే మళ్ళీ ఆర్నెల్లకు గాని దొరకడు. ఆమె ల్యాబు వరండాలో నిలబడి, ఫోన్లో చెల్లెలికి తన సిద్ధాంతం అప్పజెప్పుకుంటోంది.

ఆమె పరిశోధన కంప్యూటర్లో బారులు తీరిన పదివేల బుల్లి అయస్కాంతాల మీద. ఒక్కొక్కటి పైకో కిందికో చూస్తుంటుంది. మామూలుగా పక్కదాని మాటే వింటుంది. ఈమె నమూనాలో మాత్రం ఎంత దూరాన ఉన్నదాని మాటైనా కాస్తో కూస్తో వింటుంది. ఐదేళ్ళుగా వాటితోనే బతుకుతోంది కనుక వాటిని "వాడు, వీడు" అనడం అలవాటైపోయింది.

"అదను చూసి కదిపితే చాలే! ఒకడు తిరగబడితే పక్కవాళ్ళే కాదు, ఎక్కడో చివరి వరసలో ఉన్నవాడూ తిరగబడతాడు. మొత్తం పదివేలమంది! బయటి నుంచి పెద్దాయన వస్తున్నారుగా, ఆయన ముందే చూపిస్తా."

టీ కప్పులు పట్టుకొస్తున్న అటెండరు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అటునుంచి అటే గుమాస్తా దగ్గరికి పరుగెత్తాడు. గుమాస్తా సంస్థ డైరెక్టరుకు చెప్పేసరికి ఆ పదివేలమంది చేతుల్లోకీ కర్రలొచ్చాయి.

"గేటు మూసెయ్యండి! ఎవరో పెద్దాయన వస్తాడు. ఫోను లాక్కుని అక్కడే నిలబెట్టండి!" అని డైరెక్టరు కాపలావాళ్ళకు హుకుం జారీ చేశాడు.

పదకొండు దాటింది. పన్నెండూ దాటింది. పరీక్షకుడి జాడ లేదు, ఫోను ఎత్తడం లేదు. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. అంతలో డైరెక్టరు గదికి రమ్మని కబురొచ్చింది.

"ఎంతమంది?" అన్నాడు డైరెక్టరు.

"పదివేలమంది సార్. లక్షమందిని పెడదామనుకున్నా, టైము చాల్లేదు."

డైరెక్టరు గ్లాసెడు నీళ్ళూ గటగటా తాగేశాడు. "మేం నీకేం తక్కువ చేశామమ్మా?"

"మీరేం చెయ్యలేదు సార్. గైడుగారే దగ్గరుండి చేయించారు."

"ఆయన కూడానా! ఎక్కడ దాచావు వాళ్ళని?"

"నా కంప్యూటర్లో సార్."

డైరెక్టరు ఖాళీ గ్లాసునే మళ్ళీ ఎత్తి, దించాడు.

"మరి... ఆ పెద్దాయన?"

"నా పరీక్షకుడు సార్. ఇంకా రాలేదు."

ఇద్దరూ గేటు దాకా పరుగో పరుగు. అక్కడ పరీక్షకుడు ఎండలో నిలబడి ఉన్నాడు, మొహం కందగడ్డలా ఉంది.

"గంటన్నర నిలబెట్టారు నన్ను! కుర్చీ ఏదయ్యా అంటే, ఆరేళ్ళుగా మాకే లేదండీ అన్నారు. వీళ్ళకి కుర్చీలిస్తామని రాసిచ్చేదాకా లోపల అడుగు పెట్టను!"

ఆయన వెనక కాపలావాళ్ళు పిడికిళ్ళు బిగించి నిలబడ్డారు. వాళ్ళ వెనక తోటపనివాళ్ళు. అందరికంటే చివర అటెండరు, గొంతు చించుకుని నినాదాలిస్తున్నాడు.

"సార్, ఒక్క సంతకం పెట్టండి సార్. ఐదేళ్ళు సార్..." ఆమె తన పెన్ను తీసి డైరెక్టరు చేతిలో పెట్టింది.

వెనకే పరుగెత్తుకొచ్చిన గుమాస్తా వీపు మీద కాగితం పెట్టి, కుర్చీలిస్తామని రాసి డైరెక్టరు సంతకం గీకాడు. పరీక్షకుడు నలభై నిమిషాల్లో పరీక్ష ముగించి, రైలుకు పరుగెత్తాడు. ఆమె డాక్టరైంది.

ఆఫీసు రికార్డులో మాత్రం, పరీక్షకుడు గంటన్నర ఆలస్యంగా వచ్చినట్టు రాసుకున్నారు.