ముప్పై ఒకటిలో మొదటిది

ప్రపంచంలో ప్రతి వస్తువుకూ ఒక మొదలు ఉండి తీరాలని తీర్మానించింది దేవుడు కాదు, శాస్త్రజ్ఞులు అంతకన్నా కాదు. ధ్వని నమోదు కార్యాలయం, మూడో అంతస్తు, ఏడో నంబరు గది. ఆ తీర్మానం వాళ్ళ దరఖాస్తు ఫారంలో రెండో గడిలో ఉంది. (మొదటి గడి కార్యాలయ ఉపయోగానికి మాత్రమే. కార్యాలయం దాన్ని ఇంతవరకూ ఉపయోగించిన దాఖలా లేదు.)

ఈ సంగతి తెలియకుండా నాలుగేళ్ళు హాయిగా బతికిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయన అసలు పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా కనపడదు. అపార్ట్‌మెంట్ వాళ్ళంతా గుయ్‌గారు అంటారు. అక్క ఇంట్లో వెనక గదిలో ఉంటూ, పొద్దస్తమానం తీగలూ మీటలూ ఉన్న ఒక పెట్టె ముందు కూర్చుని దాన్ని గుయ్ మనిపిస్తుంటారు కాబట్టి ఆ పేరు స్థిరపడింది.

ఆ గుయ్‌లోంచి పుట్టిన సంగీతం పేరు ‘ఎటునుంచైనా’. మొత్తం ముప్పై ఒక్క ముక్కలు, ఒక్కోటీ ఒకటిన్నర నిమిషం, మహా అయితే రెండు. ఒకదానిలో లిఫ్టు తలుపు మూసుకోబోయి మనసు మార్చుకున్న చప్పుడు ఉంటుంది. ఇంకోదానిలో ఫ్రిజ్జు ఒళ్ళు జలదరించి ఆగిపోయే చప్పుడు. కొన్నిటిలో ఏ వస్తువుదీ కాని, ఆ పెట్టె తనంతట తను కనిపెట్టిన చప్పుళ్ళు. ప్రతి ముక్కా ఒకే సన్నని గుయ్‌తో మొదలై అదే గుయ్‌తో ముగుస్తుంది గనక దేని తర్వాత ఏదైనా రావచ్చు. వినేవాళ్ళు షఫుల్ మీట నొక్కితే చాలు. ఏది ముందో ఏది వెనకో మీట ఇష్టం. ఇవాళ విన్న సంగీతం రేపు మళ్ళీ వినపడదు. ఏ ముక్క పక్కన ఏది పడినా అతుకు తెలియకూడదని మొత్తం తొమ్మిది వందల ముప్పై అతుకులూ గుయ్‌గారు ఒక్కొక్కటిగా చెవిపెట్టి విన్నారు. నాలుగేళ్ళు అక్కడికే పోయాయి.

అక్కకు తమ్ముడంటే ప్రాణం, గుయ్ అంటే ప్రాణసంకటం. ఒకరోజు బట్టలు మడతపెడుతూ తేల్చి చెప్పేసింది.

“ఒరేయ్, నాలుగేళ్ళు నోరెత్తలేదు. ఈ నెలాఖరు శనివారం సభామందిరంలో కొత్త సంగీత సాయంత్రం ఉందట కదా. అందులో నీది వినిపించావా, ఇక జన్మంతా గుయ్ మనిపించుకో, నేను అడగను. లేదూ, ఒకటో తారీఖు నుంచి బావ టైల్స్ షాపులో కూర్చో. అక్కడ ఏది ఎక్కడుండాలో అది అక్కడుంటుంది. చూసి చూసి నీకూ బుద్ధి కుదురుతుంది.”

బావ షాపులో ఖాళీ కుర్చీకి ఆ సాయంత్రమే కొత్త దిండు వేయించాడు.

సభామందిరం వాళ్ళను అడిగితే సంతోషంగా వినిపిస్తామన్నారు, నమోదు పత్రం ఒక్కటి తెస్తే చాలన్నారు. అలా గుయ్‌గారు మూడో అంతస్తు మెట్లెక్కారు. (లిఫ్టు ఉంది. ఆయన నాలుగేళ్ళ కిందట చప్పుడు రికార్డు చేసుకున్నది ఆ లిఫ్టే. ఇంకా మనసు మార్చుకుంటూనే ఉంది.)

వేచి ఉండే హాల్లో గోడ మీద ఒక నియమం రాసి ఉంది: ‘టోకెన్లు వరుసలో పిలువబడును. వరుసను యంత్రము నిర్ణయించును.’ ఆ యంత్రం పదకొండు నెలలుగా తన అధికారాన్ని పూర్తిగా వినియోగించుకుంటోంది. నలభై ఏడు తర్వాత పన్నెండును పిలుస్తుంది. పన్నెండు తర్వాత అరవై మూడు, ఆ తర్వాత మళ్ళీ నలభై ఏడు. (అప్పటికి నలభై ఏడు ఇంటికి వెళ్ళి భోంచేస్తూ ఉంటాడు.) తన నంబరు ఏ క్షణాన వస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి హాల్లో ఎవరూ కునుకు తీయరు, ఫోను చూడరు, పక్కవాడితో మాట కలపరు. టింగ్ మనగానే నలభై మంది ఊపిరి బిగబట్టి చెవులు రిక్కిస్తారు. అది చూసి గుయ్‌గారికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఒక్కో చప్పుడునూ ఇంత శ్రద్ధగా వినే శ్రోతల్ని ఆయన కలలో కూడా చూడలేదు.

రెండో రోజు మధ్యాహ్నానికి ఆయన నంబరు వచ్చింది. కౌంటర్లో ఉన్న మేడం తలెత్తకుండా ఫారం అందుకుంది.

“మొదటిది ఏది?”

“మొదటిది లేదండి.”

“పోయిందా?”

“పోలేదండి. అసలు లేదు.”

“పోయిందని రాస్తే పోలీసు ఫిర్యాదు జిరాక్సు కావాలి. లేదని రాస్తే లేదన్నట్టు ధ్రువపత్రం కావాలి. ఏం రాయమంటారు?”

“ముప్పై ఒకటీ ఉన్నాయండీ. ఏదైనా మొదటిది కావచ్చు.”

“కవలలు పుడితేనే ఎవరు ముందో ఎవరు వెనకో ఆస్పత్రిలో రాసిస్తారు. మీకు ముప్పై ఒకటి పుడితే ఒక్కటీ ముందు పుట్టలేదా?”

గుయ్‌గారు చివరికి ‘వరుస’ అన్న గడిలో ముప్పై ఒక్కసార్లు ‘ఏదైనా’ అని రాసిచ్చారు. మేడం దాన్ని చాలాసేపు చూసి, జాలిపడి, ప్రత్యక్ష శ్రవణానికి పంపించింది. నియమం అంతే: ‘వరుస దరఖాస్తుదారునికే తెలియనిచో, కార్యాలయమే విని తెలుసుకొనవలెను.’

శ్రవణ పరిశీలకుడిది ఇరవై రెండేళ్ళ సర్వీసు. కాలింగ్ బెల్లులు, ప్రకటనల పాటలు, కార్లు వెనక్కి వెళ్ళేటప్పుడు చేసే కూతలు, ఇవన్నీ విని విని ఆయన చెవులు విసిగి వేసారి ఉన్నాయి. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, కలం తెరిచి, “కానివ్వండి” అన్నాడు. గుయ్‌గారు షఫుల్ నొక్కారు. మొదట లిఫ్టు వచ్చింది. తర్వాత ఫ్రిజ్జు. పరిశీలకుడు ఏది వస్తే అది నమ్మకంగా రాసుకుంటూ పోయాడు. పదో ముక్క దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. ఇరవయ్యో ముక్క నుంచి కళ్ళు మూసుకునే రాశాడు. ముప్పై ఒకటీ అయ్యాక కలం మూసి పక్కన పెట్టాడు.

“ఇది రికార్డులో రాయనుగానీ,” అన్నాడు గొంతు తగ్గించి, “ఫ్రిజ్జు వస్తుందే, అక్కడ మా అమ్మ వంటగది గుర్తొచ్చిందండి. చాలా బాగుంది.”

గుయ్‌గారు ఆ రోజు మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగారు. నాలుగేళ్ళలో ఆయన సంగీతాన్ని మొదటి నుంచి చివరి దాకా విన్న మనిషి ఈయనొక్కడే. (మొదలు, చివర అన్న మాటలు ఇక్కడ కార్యాలయ పరిభాషలో వాడడమైనది.)

మూడు రోజుల తర్వాత ధ్రువీకరణ శ్రవణం. మొదటిసారి విన్న చెవులే రెండోసారీ వినాలని నియమం. పరిశీలకుడు చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు. పాత జాబితా ముందు పెట్టుకున్నాడు. గుయ్‌గారు షఫుల్ నొక్కారు. మొదట ఫ్రిజ్జు వచ్చింది.

పరిశీలకుడి ముఖం మాడిపోయింది.

“లిఫ్టు ఏదండీ?”

“వస్తుందండి, ఎప్పుడో అప్పుడు.”

“మొన్న మొదట లిఫ్టు వచ్చింది. నేను నా చేత్తో రాసుకున్నాను. మీ మీద ఎంత గౌరవం పెట్టుకున్నానండీ! నాకు ఒకటి వినిపించి, నమోదుకు ఇంకోటి తెస్తారా?”

“ఒకటేనండీ ఇది. ప్రతిసారీ మారుతుంది, అంతే.”

“ప్రతిసారీ మారేది ఒకటే ఎలా అవుతుంది?” అన్నాడు పరిశీలకుడు. ఆయన గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ ఉంది.

సాయంత్రానికి నోటీసు తయారైంది: ‘దాఖలు చేసిన కృతిని కార్యాలయపు చెవుల ఎదుటనే మార్చినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.’ గుయ్‌గారిని సూపరింటెండెంటు గదిలోకి పంపారు.

సూపరింటెండెంటు నెమ్మదస్తుడు. కేకలు వేయలేదు, కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

“మీరు చెప్పేది నాకు అర్థమైంది. ఒక్కో వరుసా ఒక్కో కృతి అన్నమాట. నిబంధనల ప్రకారం ఒక్కోదానికి ఒక్కో దరఖాస్తు, మూడేసి ప్రతులు. మొత్తం ఎన్ని వరుసలుంటాయి?”

“ముప్పై నాలుగు అంకెల సంఖ్య అండి.”

“ఫారంలో అయిదు అంకెలకే చోటుంది. మిగతా ఇరవై తొమ్మిదీ అదనపు కాగితం మీద రాయండి.”

“అవన్నీ మీరు పరిష్కరించేలోపు సూర్యుడు చల్లారిపోతాడండి.”

“కార్యాలయం ఉంటుంది,” అన్నాడు సూపరింటెండెంటు ప్రశాంతంగా.

ఆ రోజు గురువారం. శనివారం కార్యక్రమం. గుయ్‌గారి కళ్ళ ముందు కొత్త దిండు మెదిలింది. ముందుకు పోతే గొయ్యి, వెనక్కి పోతే నుయ్యి. ఆ ముఖం చూసి సూపరింటెండెంటుకు నిజంగానే మనసు కరిగింది. సొరుగులోంచి ఇంకో ఫారం తీశాడు.

“ఒక దారి ఉంది. ‘ప్రామాణిక అస్తవ్యస్తం’ అని ఒక విభాగం ఉంది. మీ వరుసలన్నిట్లోంచి ఒక్కదాన్ని కార్యాలయం ఆమోదిస్తుంది. ఆ తర్వాత మీ సంగీతం ఎప్పుడు వినిపించినా అదే అస్తవ్యస్తంలో వినిపించాలి. మా పరిశీలకుడు మొదటిరోజు విన్న వరుసే పెడదాం. ఆయనకు అది బాగా నచ్చింది పాపం.”

గుయ్‌గారు సంతకం పెట్టారు. పెట్టాక షఫుల్ మీటను ఒకసారి తడిమి చూసుకున్నారు. అది మాత్రం ఏ గడిలోనూ నమోదు కాలేదు.

శనివారం సభామందిరం నిండింది. షఫుల్ మీటకు గుడ్డ చుట్టి లక్కముద్ర వేశారు. ముందు వరుసలో పరిశీలకుడు జాబితా పట్టుకుని ఒక్కో ముక్కకూ టిక్కు పెడుతూ, ఫ్రిజ్జు దగ్గర మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు. ఆమోదించిన వరుసను అచ్చువేసి శ్రోతలందరికీ పంచారు. అందరూ కాగితం మీద వేలు పెట్టి, ఎంతవరకు వచ్చిందో చూసుకుంటూ విన్నారు. మూడో వరుసలోంచి అక్క గుసగుస వినపడుతూనే ఉంది. “ఇంకా పద్నాలుగు... ఇంకా పదమూడు...”

చప్పట్లు బ్రహ్మాండంగా మోగాయి. బయటికి వచ్చాక అక్క తమ్ముడి భుజం తట్టింది.

“బాగుందిరా. గదిలో నువ్వు వాయిస్తుంటే ఎప్పుడేం మీదపడుతుందో అని గుండెలు దడదడలాడేవి. ఇవాళ ఏది ఎప్పుడొస్తుందో ముందే తెలిసిపోయిందా, హాయిగా ఉంది.”

బావ ఆ దిండును తెచ్చి వెనక గదిలో పెట్టెముందు కుర్చీకి వేశాడు. గుయ్‌గారు గెలిచారు. అందరూ అదే అన్నారు. కానీ ఆ దిండు మీద కూర్చుని, గది తలుపు వేసుకుని, నిబంధనలకు విరుద్ధంగా షఫుల్ నొక్కితే ఏదో తేడాగా ఉంది. లిఫ్టు అవగానే ఆయన చెవి ఫ్రిజ్జు కోసం ఎదురుచూస్తోంది. ఇంకేది వచ్చినా తప్పు వచ్చినట్టు ఉలిక్కిపడుతోంది. తొమ్మిది వందల ముప్పై అతుకుల్లో ఇప్పుడు ఆయనకు ముప్పయ్యే వినపడుతున్నాయి. మిగతా తొమ్మిది వందలూ ఎటు పోయాయో తెలియలేదు. నాలుగేళ్ళ పని తన చెవిలోనే చచ్చిపోతోందని భయం పట్టుకుంది. వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

“నమోదు రద్దు చేయించుకొస్తానక్కా,” అన్నారు ఒక పొద్దున చెప్పులు వేసుకుంటూ.

“అడుసు తొక్కనేల, కాలు కడగనేల? రద్దు చేయిస్తే మళ్ళీ ఆ మందిరం వాళ్ళు నీ మొహం చూస్తారట్రా?”

“చూడకపోతే టైల్స్ షాపులో కూర్చుంటాను. దిండు ఉందిగా.”

అక్క తమ్ముడి ముఖంలోకి చూసింది. వెళ్ళిరమ్మన్నట్టు తనే తలుపు తీసింది.

హాల్లో యంత్రం యథాప్రకారం ఎనభై తర్వాత మూడును, మూడు తర్వాత యాభై ఆరును పిలుస్తోంది. గుయ్‌గారు నలభై మందితో పాటు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. వారంలో మొదటిసారి ఆయనకు ప్రాణం లేచివచ్చింది. తర్వాత ఏం వస్తుందో తెలియకపోవడం ఎంత బాగుంటుందో మళ్ళీ గుర్తొచ్చింది. చేసేది సరైన పనేనని ధైర్యం వచ్చింది. నంబరు పిలవగానే ఛాతీ విరుచుకుని కౌంటర్ దగ్గరికి వెళ్ళారు.

“నా నమోదు రద్దు చేయాలండి. నా సంగీతానికి వరుస లేదు, ఉండదు.”

మేడం తలెత్తకుండానే రద్దు ఫారం తీసింది. “ముప్పై ఒకటీ విడివిడిగా రద్దు చేయాలి. మొదటిది ఏది?”

“లిఫ్టు,” అన్నారు గుయ్‌గారు ఠక్కున.

మేడం రాసుకుంది. రాసుకుని, ఆయనకు తెలిసినంతలో తొలిసారిగా తలెత్తింది.

“చూశారా, ఉందిగా. ఆ ముక్క ఆరోజే చెప్పి ఉంటే ఇంత తిరుగుడు ఉండేది కాదు కదండీ.”