పది పాటలు చెప్పండి, హాలు ఖాళీ చేయండి

పాటలు పాడేవాళ్లూ, వాయించేవాళ్లూ తమకు ఇష్టమైన పాటలేమిటో లోకానికి చెప్పి తీరాలి. చెప్పనివాళ్ల చేతిలోంచి వాయిద్యం లాగేసుకోవాలి. ఇది నా స్థిరమైన అభిప్రాయం.

ఈ మధ్య ఏ పత్రిక తిరగేసినా, ఏ ఫోను తెరిచినా ఈ జాబితాలే కదా! పది పాటలూ పది రకాలుగా ఉండాలట. సొంత పాట ఉండకూడదట. జాజ్ ఒకటి, జానపదం ఒకటి, గజల్ ఒకటి, రాక్ ఒకటి, ఎక్కడో ఎడారిలో ఒంటెలు తోలుకునేవాళ్లు పాడుకునేది ఒకటి. పదోది మాత్రం ఇంతవరకూ ఎవరూ విననిది కావాలి. విన్నవాడు ఒక్కడు దొరికినా జాబితా పరువు గంగపాలే!

దీనివల్ల ఎంత మేలు జరుగుతోందో గమనించారా? గొంతు చించుకుని అరిచే రాక్ గాయకుడికి జోలపాట వినందే కునుకు పట్టదని తెలిసింది. జోలపాటలతో పేరు తెచ్చుకున్న ఆవిడ కూరగాయలు తరిగేటప్పుడు డిస్కో పెట్టుకుంటుందని తెలిసింది. ఒక పెద్ద విద్వాంసుడి జాబితాలో తొమ్మిది పాటలు ఆయనకు రాని భాషల్లో ఉన్నాయి. పదోదానికి అసలు మాటలే లేవు. అంటే ఏమిటి? ఇన్నాళ్లూ వాళ్లు ఇంట్లో తినని వంటను మనకు వడ్డించారు. మనం వేళ్లు నాక్కున్నాం!

నేను సంగీతం చదువుకున్నదాన్ని కాదు. ఆ మాటకొస్తే ఏమీ చదువుకోలేదు. మా అమ్మాయి బడి పుస్తకాలకు అట్టలు వేస్తూ అక్షరాలు కూడబలుక్కున్నదాన్ని. అయినా ఈ జాబితాల మీద మాట్లాడే హక్కు నాకుంది. వాటి ఫలం మా ఇంటి హాల్లోనే కళ్లారా చూశాను.

మా అమ్మాయి ఒక చిన్న బ్యాండులో పాడుతుంది. పెళ్లిళ్లకూ, పుట్టినరోజులకూ, కంపెనీల ఫంక్షన్లకూ పిలుస్తుంటారు. పంతొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆ నలుగురూ మా హాల్లోనే ప్రాక్టీసు. డ్రమ్ములు వాయించే ఆయన్ని ఉరుము అని పిలుస్తారు గానీ, చెప్పులు కూడా చప్పుడు కాకుండా విడిచే మనిషి. కీబోర్డు మాస్టారికి ఏడాది పొడవునా జలుబే. గిటారు వాయించేవాడు అందరికీ చిన్నవాడు, మొన్నీమధ్యే నలభై దాటాడు. వీళ్లొస్తే సోఫా జరిపి వంటగది గుమ్మానికి అడ్డం పెడతారు. దాని వెనక సందులోంచి నేను టీ గ్లాసులు అందించాలి. వైర్లు తొక్కకూడదు, దగ్గకూడదు. పంతొమ్మిదేళ్లు! ఇది ఒక వృద్ధురాలు పడవలసిన యాతనేనా?

ఆ యాతన తీరే రోజు వచ్చింది. రెండు నెలల కిందట ఒక వెబ్ పత్రికవాళ్లు ఈ నలుగురినీ తలా పది పాటలు అడిగారు. ఒకరికి తెలియకుండా ఒకరిని. అది చాలక, చివర్లో ఇంకో ప్రశ్న కూడా వేశారు. మీ బ్యాండు పాటల్లో మీకు అస్సలు పడనిది ఏది?

వీళ్లు ప్రతి ప్రోగ్రాములోనూ ఆఖరున ఒక నెమ్మదైన పాట పాడతారు. సొంతంగా కట్టుకున్నదే. పడవ రేవు వదిలిపోతుంటే ఒడ్డున నిలబడ్డ మనిషి చెయ్యి ఊపుతూ పాడే పాట. నలుగురూ నాలుగు చోట్ల కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఆ పాట పేరే రాశారు.

పత్రికలో అన్నీ పక్కపక్కనే అచ్చు వేశారు. ఆ ఆదివారం మా హాల్లో వాయిద్యాల మూతలు తియ్యలేదు. మాస్టారు ముందుగా అన్నారు, ఆ బాణీ ఉరుముది కదా, ఆయన మనసు నొప్పించడం ఎందుకని ఇన్నాళ్లూ ఊరుకున్నానని. ఉరుము తెల్లబోయాడు. మా అమ్మాయికి అది ప్రాణమనుకుని, తనకు విసుగొచ్చినా వాయిస్తూ వచ్చాడట. మా అమ్మాయి మాస్టారి వైపు తిరిగింది.

"మీ కోసమేనండీ నేను పాడేది. ఆ పాట వచ్చినప్పుడల్లా కళ్లు తుడుచుకునేవారు కదా."

"అది జలుబమ్మా," అన్నారు మాస్టారు.

ఒక ముడి ఊడితే మిగతావి ఆగుతాయా? గిటారు అతని జాబితాలో నాలుగు పాత గజళ్లున్నాయి. గజల్ ఒకటి నేర్చుకుందామని మాస్టారు ఆరేళ్లుగా బతిమాలుతున్నారు. అది మన పద్ధతి కాదని కొట్టిపారేసింది ఇతనే. ఎందుకలా చేశావని నిలదీస్తే, నాకిష్టమని కనిపెట్టి మీరు మొహమాటానికి అడుగుతున్నారనుకున్నానండీ అన్నాడు. ఊరూ పేరూ తెలియని రెండు వేలమందికి చెప్పిన మాట, రెండు అడుగుల దూరంలో కూర్చున్నాయనకు చెప్పడానికి తీరిక దొరకలేదన్నమాట!

జ్ఞానోదయం అంటే ఇదీ! పంతొమ్మిదేళ్లు కలిసి వాయించినా తెలియనిది ఒక్క పేజీలో తెలిసిపోయింది.

మరుసటి ఆదివారం మాస్టారికి జ్వరం. ఆ పై ఆదివారం గిటారు అతని ఇంటికి చుట్టాలు. ఆ తర్వాత ఎవరికీ ఏ కారణమూ అక్కర్లేకపోయింది. ఒక్క గట్టి మాట లేదు, ఎంత మర్యాద! నేను జీవితంలో చాలామందిని సాగనంపాను. నాకు కొంచెం తెలుసు. అరిచి వెళ్లినవాళ్లు గొడుగు మరిచిపోయామని తిరిగొస్తారు. మర్యాదగా వెళ్లేవాళ్లు అన్నీ సర్దుకునే వెళతారు.

ఇప్పుడు మా ఇల్లు చూడాలి మీరు! సోఫా గోడకు చేరింది. ఒంటరిగా టీ తాగుతున్నాను, ఒక్క గ్లాసు కడిగితే చాలు. కింది వాటావాళ్లు పైకొచ్చి, ఏమండీ, ఇంట్లో అందరూ కులాసాయేనా అని అడిగి వెళ్లారు. మా అమ్మాయి చెవులకు అవేవో తగిలించుకుని, వారానికో కొత్త జాబితా పెడుతోంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు లైకులు కొడుతున్నారు. పళ్లు తోముకుంటూ తీసే కూనిరాగం కూడా మానేసింది. పోనీ, నాకు చెప్పవే నీకిష్టమైన పాట అని అడిగితే, లింకు పంపిస్తాను చూసుకోమ్మా అంది. నేను పక్క గదిలోనే ఉంటాను.

పోయిన ఆదివారం ఉరుము డ్రమ్ములు పట్టుకుపోవడానికి వచ్చాడు. అవి ఎప్పుడూ మా హాల్లోనే, పాత దుప్పటి కింద ఉండేవి. దుప్పటి తీసి, మడిచి నా చేతికిచ్చి, కింద కూర్చుని ఒక్కొక్క మరా విప్పడం మొదలుపెట్టాడు. మా అమ్మాయి గదిలోంచి బయటికి రాలేదు. తలుపు మాత్రం పూర్తిగా వెయ్యలేదు.

మూడో మర విప్పుతూ తలెత్తాడు.

"పిన్నిగారూ, ఇన్నేళ్లు విన్నారు. మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మా పాటల్లో మీకేది నచ్చేది?"

నిజాలు చెప్పి తీరాలని పైన అంత గట్టిగా రాసినదాన్ని కదా? మీకైతే నిజమే చెబుతాను. ఆ పడవ పాట అంటే నాకు వాళ్ల నలుగురికంటే ఎక్కువ ఒళ్లుమంట. రేవూ, పడవా, చెయ్యి ఊపడమూ! నేను ఊపిన చేతులు చాలవూ? పంతొమ్మిదేళ్లుగా అది మొదలవగానే వంటగదిలో కుళాయి తిప్పేసి, కడిగిన గ్లాసులే మళ్లీ కడిగేదాన్ని.

"ఆఖర్న పాడతారే, ఆ పడవ పాట నాయనా," అన్నాను. "అదొక్కటి వినబడకపోతే నాకు ఆదివారంలా లేదు."

ఆయన చేతిలో మర అలాగే ఉండిపోయింది. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. లోపల గదిలో మంచం కిర్రుమంది. తర్వాత ఆయన విప్పిన మూడు మరలూ మళ్లీ బిగించి, ఫోను తీసుకుని మెట్ల మీదికి వెళ్లాడు. ఎవరితోనో తగ్గు గొంతుతో, పెద్దావిడ ఏదో ఆశపడుతోందండీ, ఒక్కసారి వచ్చి వెళ్లండి అంటున్నాడు.

నిన్న, మళ్లీ ఆదివారం, నాలుగింటికి నలుగురూ చేరారు. మాస్టారు తుమ్ముతూనే వచ్చారు. నన్ను ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, వేరే పాట ఏదీ ముట్టుకోకుండా, నాకోసమని ఆ పాటే ఎత్తుకున్నారు. కుళాయి దగ్గరికి వెళ్లే వీలు లేదు. మా అమ్మాయి నన్నే చూస్తూ పాడింది. పడవ వెళ్లిపోయేదాకా ఒడ్డునే కూర్చున్నాను.

పాట అయిపోయింది. ఇక లేద్దామా, వైర్లు చుడదామా అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. గిటారు అతను పెట్టె మూత మీద చెయ్యి వేశాడు.

"ఇంకోసారి," అన్నాను.